పైలట్‌కు దక్కే సెకన్లు

రన్‌వే వైపు దిగుతున్న మధ్యతరహా ప్రయాణికుల విమానం సుమారు 140 నాట్ల వేగంతో, అంటే గంటకు దాదాపు 260 కిలోమీటర్ల వేగంతో సాగుతుంది. ఆ లెక్కన అది ఒక్క సెకనులో 72 మీటర్లు, పది సెకన్లలో ముప్పావు కిలోమీటరుకు కాస్త తక్కువ దూరం దాటిపోతుంది. వెయ్యి అడుగుల ఎత్తు నుంచి చక్రాలు నేలను తాకేదాకా పట్టే కాలం ఒకటిన్నర నిమిషం లోపే. ఇంత వేగంలో కన్ను చూసి, మెదడు గ్రహించి, చేయి కదిలి, ఇంజన్ స్పందించి, విమానం దారి మార్చుకునేలోగా బోలెడు దూరం గడిచిపోతుంది కనుక, చుట్టూ ఉన్న పరిస్థితులను కనిపెట్టి పైలట్‌ను హెచ్చరించే పరికరాలన్నింటినీ ఒకే కొలతతో తూచవచ్చు: ప్రమాదానికి ఎన్ని సెకన్ల ముందు అది నోరు విప్పుతుంది? గడచిన యాభై ఏళ్లలో విమాన భద్రత కోసం జరిగిన పరిశోధనలో పెద్ద భాగం ఆ సెకన్లను ఒక్కొక్కటిగా కూడబెట్టే ప్రయత్నమే. కూడబెట్టిన వాటిని వాడుకోవటం, వాడుకోలేకపోవటం వేరే కథ.

ఈ ప్రయత్నంలో అన్నిటికన్నా లోతుగా తరచి చూడదగినది గాలికి సంబంధించినది. విమానాన్ని గాలిలో నిలిపేది నేల మీద దాని వేగం కాదు, రెక్కల మీదుగా గాలి పారే వేగం. దానినే వాయువేగం అంటారు. ఎదురుగాలి బలంగా ఉంటే వాయువేగం పెరుగుతుంది, వెనుక నుంచి వీచే గాలి దానిని తగ్గిస్తుంది. గాలి ఒకే తీరుగా వీస్తున్నంతవరకు పైలట్‌కు ఏ ఇబ్బందీ లేదు. కొద్ది దూరంలోనే గాలి దిశ గానీ వేగం గానీ ఒక్కసారిగా మారిపోతే ఆ మార్పును వైమానికులు విండ్‌షియర్ అంటారు. అది ముప్పై వేల అడుగుల ఎత్తున ఎదురైతే సరిదిద్దుకునే జాగా ఉంటుంది. అయిదు వందల అడుగుల ఎత్తున, చక్రాలు దించి, వేగం తగ్గించి, నేల వైపు జారుతున్న విమానానికి ఎదురైతే ఉండదు.

విండ్‌షియర్‌లన్నింటిలోకి భయంకరమైనది మైక్రోబరస్ట్. ఉరుముల మేఘం లోపల వాన చుక్కలు, వడగళ్లు కిందికి పడుతూ చుట్టూ ఉన్న గాలిని తమతో లాక్కుపోతాయి. ఆ చుక్కలు దారిలో ఆవిరయ్యేటప్పుడు గాలిలోని వేడిని పీల్చుకుంటాయి కనుక గాలి చల్లబడి, బరువెక్కి, మరింత వేగంగా కిందికి దూకుతుంది. బిందెడు నీళ్లు ఒక్కసారిగా నేల మీద కుమ్మరిస్తే ఎలా అన్ని వైపులకు చిమ్ముతాయో, నేలను తాకిన ఆ గాలి కూడా అలాగే నలుదిక్కులకు పరచుకుంటుంది. నాలుగు కిలోమీటర్ల లోపు వ్యాసంలో, కొద్ది నిమిషాల్లోనే పుట్టి తీవ్రమై సమసిపోయే ఈ గాలిని వాతావరణ కేంద్రాల మామూలు పరికరాలు పట్టుకోవటం కష్టం.

ఇలాంటి గాలిలోకి దిగే విమానానికి మొదట ఎదురయ్యేది మేలులా కనిపించే మార్పు కావటమే ఇందులోని కపటం. కుమ్మరించిన గాలి ముందువైపు అంచు విమానానికి ఎదురుగా వీస్తుంది కనుక వాయువేగం పెరిగి, విమానం దిగవలసిన వాలు కంటే పైకి తేలుతుంది. సంగతి తెలియని పైలట్ దానిని సరిచేయటానికి ఇంజన్ శక్తిని తగ్గిస్తాడు. మరి కొన్ని సెకన్లకు విమానం నడుమకు చేరి కిందికి నెట్టబడుతుంది. ఆవలి అంచుకు చేరగానే అదే గాలి వెనుక నుంచి తోస్తుంది. 30 నాట్ల ఎదురుగాలి 30 నాట్ల వెనుకగాలిగా మారిందనుకుంటే 140 నాట్ల వాయువేగంలో 60 నాట్లు చూస్తుండగానే పోయినట్టు. అప్పుడు పైలట్ ఇంజన్లకు పూర్తి శక్తి ఇచ్చినా, తగ్గించి ఉంచిన జెట్ ఇంజన్ పూర్తి శక్తికి చేరటానికి అయిదు నుంచి ఎనిమిది సెకన్లు పడుతుంది. నేల అంతసేపు ఆగదు.

1975 జూన్ 24న న్యూయార్క్ కెనెడీ విమానాశ్రయంలో ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ వారి బోయింగ్ 727 విమానం దిగబోతూ రన్‌వేకు ఇవతలే కూలి 113 మంది మరణించినప్పుడు, అదే సమయంలో కొన్ని విమానాలు క్షేమంగా దిగటం, కొన్ని దిగలేకపోవటం ఎవరికీ అంతుపట్టలేదు. షికాగో విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న జపానులో పుట్టిన వాతావరణ శాస్త్రవేత్త తెత్సుయా ఫుజితా ఆ విమానాల రికార్డులన్నీ పరిశీలించి, ఒకే తుఫాను మేఘం నుంచి చిన్న చిన్న గాలి దెబ్బలు విడివిడిగా నేలను తాకాయనీ, వాటి మధ్య సందులో వచ్చినవి బతికాయనీ తేల్చాడు. ఆయనకు ఈ ఊహ తట్టటానికి మూలం చాలా వెనుక ఉంది. 1945లో అణుబాంబులు పడిన హిరోషిమా, నాగసాకి నగరాలను పరిశీలించినప్పుడు, పైనుంచి వచ్చిన విస్ఫోట తరంగం చెట్లను కేంద్రం నుంచి బయటికి చక్రం ఆకుల్లా పడవేసిన తీరు ఆయన చూశాడు. 1974లో అమెరికాలో టోర్నడోల బీభత్సాన్ని విమానం నుంచి చూస్తుండగా అడవిలో అదే ఆకృతి కనిపించింది. సుడిగాలి చెట్లను మెలితిప్పి పడవేస్తుంది గానీ అలా నలువైపులా పరచదు. సాటి శాస్త్రవేత్తలు చాలామంది ఆయన వాదాన్ని తేలికగా నమ్మలేదు. 1978లో షికాగో పరిసరాల్లో, 1982లో డెన్వర్ విమానాశ్రయం చుట్టూ డాప్లర్ రాడార్లు పెట్టి జరిపిన పరిశీలనల్లో మైక్రోబరస్ట్‌లు పదుల కొద్దీ, వందకు పైగా నమోదయ్యాక వాదానికి చోటు లేకపోయింది.

ఈలోగా ప్రాణాలు పోతూనే ఉన్నాయి. 1982 జూలై 9న న్యూ ఆర్లియన్స్ సమీపంలో పాన్ ఆమ్ విమానం పైకి లేస్తూనే కూలి, నేల మీద ఉన్నవారితో కలిపి 153 మంది చనిపోయారు. 1983 ఆగస్టు 1న అధ్యక్షుడు రేగన్ ప్రయాణిస్తున్న విమానం ఆండ్రూస్ వైమానిక స్థావరంలో దిగిన కొద్ది నిమిషాలకే అక్కడి గాలిమాపకం గంటకు 240 కిలోమీటర్ల ఝంఝను నమోదు చేసింది. 1985 ఆగస్టు 2న డాలస్‌లో డెల్టా విమానం కూలి 137 మంది మరణించటంతో ప్రభుత్వం మీద ఒత్తిడి ఆపలేనిదైంది. ఆ విమానాశ్రయంలో రన్‌వేల చుట్టూ గాలిమాపకాలు పాతి, వాటి కొలతలు పోల్చి తేడా వస్తే హెచ్చరించే ఏర్పాటు అప్పటికే ఉంది. అయితే గాలి ఆ స్తంభాలను తాకేదాకా ఆ ఏర్పాటుకు ఏమీ తెలియదు. విమానం కూలిన తర్వాత అది మోగింది.

ఈ లోటు పూడ్చటానికి రెండు దారులు తొక్కారు. మొదటిది నేల మీది నుంచి చూసే డాప్లర్ రాడార్. దూరంగా వెళ్లే వస్తువు నుంచి తిరిగివచ్చే తరంగం సాగినట్టుగా, దగ్గరకు వచ్చే వస్తువు నుంచి వచ్చే తరంగం కుదించుకుపోయినట్టుగా మారే ధర్మాన్ని డాప్లర్ ప్రభావం అంటారు. రాడార్ పంపిన తరంగం వాన చుక్కలను తాకి తిరిగివచ్చినప్పుడు ఈ మార్పును కొలిస్తే, ఆ చుక్కలను మోసుకుపోతున్న గాలి ఎటు ఎంత వేగంతో వీస్తున్నదో తెలుస్తుంది. పక్కపక్కనే ఉన్న రెండు చోట్ల ఒక చోట చుక్కలు రాడార్ వైపు, మరో చోట దూరంగా పరుగెత్తుతుంటే అక్కడ గాలి విడిపోతున్నదని అర్థం. అమెరికాలో ప్రధాన విమానాశ్రయాల వద్ద ఇందుకోసమే ప్రత్యేక రాడార్లను 1990వ దశకంలో నెలకొల్పారు. మన హైదరాబాద్, విశాఖపట్నం, మచిలీపట్నంలలో వాతావరణ శాఖ వారి డాప్లర్ రాడార్లు పనిచేసేది కూడా ఇదే సూత్రం మీద. కాకపోతే వాటి ముఖ్య లక్ష్యం తుఫానులు, భారీ వర్షాలు.

రెండో దారి ఆ కన్నును విమానం ముక్కులోనే అమర్చటం. ఇది చెప్పినంత తేలిక కాదు. నేలకు దగ్గరగా ఎగిరే విమానం రాడార్‌కు వాన కంటే బలంగా భవనాలు, రోడ్ల మీద పోయే వాహనాలు, నేల గుట్టలు ప్రతిఫలిస్తాయి. ఆ గందరగోళంలోంచి గాలి కదలికను మాత్రమే వడగట్టే పద్ధతి కోసం నాసా వారి లాంగ్లీ పరిశోధన కేంద్రం 1986 నుంచి కృషి చేసింది. 1991, 1992 వేసవుల్లో అక్కడి పరిశోధకులు ఒక బోయింగ్ 737ను ఓర్లాండో, డెన్వర్ పరిసరాల్లో కావాలని మైక్రోబరస్ట్‌ల గుండా నడిపి రాడార్ చెప్పినదానిని విమానం చవిచూసినదానితో సరిపోల్చారు. ఎదురయ్యే గాలి విమానానికి ఉన్న ఎగబాకే శక్తిలో ఎంత వంతు తినేస్తుందో చెప్పే ఒక సూచీని కూడా వారే రూపొందించారు. ఆ సంఖ్య సుమారు 0.1 దాటితే ప్రమాదం కింద లెక్క. 1994 నుంచి ఈ ముందుచూపు రాడార్లు ప్రయాణికుల విమానాల్లోకి వచ్చాయి.

వాటికి ముందున్న పరికరాలు విమానం ఆ గాలిలో చిక్కుకున్న తర్వాత, వాయువేగం, త్వరణం మారిన తీరును బట్టి ‘విండ్‌షియర్’ అని మూడుసార్లు అరిచేవి. ఇప్పటికీ అవి ఉన్నాయి, రాడార్ పసిగట్టలేనప్పుడు అవే దిక్కు. కొత్త రాడార్ మాత్రం పది నుంచి నలభై సెకన్ల ముందుగా ‘విండ్‌షియర్ అహెడ్’ అంటుంది. దిగుతున్న సమయమైతే ‘గో అరౌండ్’ అని, అంటే దిగటం మానుకుని తిరిగి పైకి లేవమని చెబుతుంది. చిక్కుకుపోయిన పైలట్ చేయవలసినది వినటానికి వింతగా ఉంటుంది: ఇంజన్లకు పూర్తి శక్తి ఇచ్చి, ముక్కు పైకెత్తి, చక్రాలను, రెక్కల వెనుక ఫ్లాప్‌లను ఉన్నవి ఉన్నట్టే వదిలేయాలి. చక్రాలు లోపలికి ముడిస్తే గాలి నిరోధం తగ్గుతుంది కదా అనిపిస్తుంది గానీ, ముడిచే క్రమంలో వాటి తలుపులు తెరుచుకుని ఆ కొద్ది సెకన్లు నిరోధం ఇంకా పెరిగే అవకాశం ఉంది. 1994 జూలైలో షార్లెట్‌లో 37 మంది మరణించిన ప్రమాదం తర్వాత అమెరికా విమానయాన సంస్థల పెద్ద విమానమేదీ మైక్రోబరస్ట్ వల్ల కూలలేదు. ఒక ప్రమాద కారణాన్ని ఇంత పూర్తిగా అదుపులోకి తెచ్చిన సందర్భాలు విమానయాన చరిత్రలో ఎక్కువ లేవు.

తెలుగువారికి కిందికి నెట్టే గాలి పేరు చెబితే గుర్తుకు వచ్చేది 2009 సెప్టెంబరు 2. బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ నల్లమల అడవుల్లో పావురాలగుట్ట వద్ద కూలిన దుర్ఘటనపై దర్యాప్తు జరిపిన సంఘం, తీవ్రంగా కిందికి నెట్టే గాలిలో చిక్కుకుని అదుపు తప్పటాన్నే సంభావ్య కారణంగా తేల్చింది. గేర్‌బాక్సు నూనె పీడనం గురించి వచ్చిన హెచ్చరిక సంగతి చూడటంలో సిబ్బంది దృష్టి మళ్లిందని కూడా ఆ నివేదిక చెబుతుంది. ఒక హెచ్చరిక మరో ప్రమాదాన్ని కంటపడనివ్వకపోవటం ఈ రంగంలో పదేపదే కనిపించే విషాదం.

ముక్కులోని రాడార్‌కు మరో రోజువారీ పని ఉంది: దారిలో ఉన్న మేఘాలను రంగుల్లో చూపటం. తేలికపాటి వాన ఆకుపచ్చగా, ఓ మోస్తరు వాన పసుపుగా, కుండపోత ఎరుపుగా తెర మీద కనిపిస్తాయి. కుదుపులు బలంగా ఉన్న చోట్లను ముదురు గులాబీ రంగుతో గుర్తిస్తుంది. కానీ ఇది నీటి చుక్కలను చూసే కన్నే తప్ప మేఘాన్ని చూసే కన్ను కాదు. మేఘం పైభాగంలో ఉండే ఎండు మంచు స్ఫటికాలు తరంగాలను చాలా బలహీనంగా తిప్పికొడతాయి కనుక తెర మీద దాదాపు కనిపించవు. దట్టమైన వాన తరంగాలను తనలోనే ఇంకించుకుంటుంది కనుక దాని వెనుక ఉన్నది ఖాళీగా కనిపించవచ్చు. 1977 ఏప్రిల్ 4న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఒక డీసీ-9 విమానం ఆ కనిపించిన ఖాళీని దారి అనుకుని తుఫాను నడిబొడ్డులోకి వెళ్లింది; వాన, వడగళ్లు మింగి రెండు ఇంజన్లూ ఆగిపోగా రోడ్డు మీద దిగే ప్రయత్నంలో కూలి, నేల మీదివారితో కలిపి 72 మంది మరణించారు. రాడార్ తెర మీద నల్లగా ఉన్నదంతా నిర్మలమైన ఆకాశం కాదన్న పాఠం అప్పటినుంచి పైలట్ల శిక్షణలో భాగమైంది.

రాడార్ చూపినా ప్రతిసారీ తప్పుకునే వీలుండదు. 2025 మే 21న ఢిల్లీ నుంచి శ్రీనగర్ వెళుతున్న ఇండిగో విమానం పఠాన్‌కోట్ సమీపంలో 36,000 అడుగుల ఎత్తున తుఫాను మేఘాన్ని తప్పించుకోవటానికి అంతర్జాతీయ సరిహద్దు వైపు మళ్లేందుకు అనుమతి అడిగింది. మన అధికారులూ, లాహోర్ నియంత్రణ కేంద్రమూ అనుమతించలేదు. వడగళ్లలో చిక్కుకున్న ఆ విమానంలో రెక్కలను గాలి తాకే కోణాన్ని కొలిచే పరికరం లోపం చూపింది, వేగం కొలతలు నమ్మలేనివయ్యాయి, ఆటోపైలట్ విడిపోయింది, ఒక దశలో విమానం నిమిషానికి 8,500 అడుగుల వేగంతో కిందికి జారింది. ముక్కు పగిలినప్పటికీ సిబ్బంది విమానాన్ని చేత్తో నడిపి శ్రీనగర్‌లో క్షేమంగా దించారు. ఒకదాని వెంట ఒకటిగా పరికరాలు చేతులెత్తేసే ఈ వరుస ఎందుకు వస్తుందో తెలియాలంటే అవి కొలిచే పద్ధతి చూడాలి.

విమానం ముక్కు పక్కన, ముందుకు తెరుచుకున్న చిన్న రంధ్రంతో, బొటనవేలి మందాన పొడుచుకు వచ్చిన లోహపు గొట్టాలు కనిపిస్తాయి. 1732లో పారిస్‌లోని సీన్ నది ప్రవాహ వేగాన్ని కొలవటానికి హెన్రీ పీటో అనే ఫ్రెంచి ఇంజనీరు వాడిన ఉపాయానికి ఇవి వారసులు. అందుకే వాటిని పిటాట్ గొట్టాలంటారు. ముందు నుంచి దూసుకువచ్చే గాలి ఈ గొట్టంలో కలిగించే పీడనం నుంచి, విమానం పక్కన ఉన్న మరో రంధ్రం కొలిచే నిశ్చల గాలి పీడనాన్ని తీసివేస్తే వాయువేగం వస్తుంది. కోట్ల రూపాయల కంప్యూటర్లన్నీ ఈ సన్నని రంధ్రాల మాట మీద ఆధారపడి ఉండటం ఆశ్చర్యం కలిగించినా వాస్తవం. మంచు పేరుకోకుండా గొట్టాలను విద్యుత్తుతో వేడి చేస్తారు. నేల మీద నిలిపినప్పుడు పురుగులు దూరకుండా తొడుగులు వేసి, తీయటం మరచిపోకుండా వాటికి ఎర్రటి పట్టీలు వేలాడదీస్తారు. 1996 ఫిబ్రవరిలో డొమినికన్ రిపబ్లిక్‌లో 189 మందిని బలిగొన్న బోయింగ్ 757 ప్రమాదంలో, తొడుగులు లేకుండా కొన్ని రోజులు నిలిపి ఉంచిన ఆ విమానపు గొట్టంలో మట్టిగూడు కట్టే కందిరీగ చేరి ఉంటుందని దర్యాప్తు అధికారులు భావించారు. అదే ఏడాది అక్టోబరులో పెరూలో, విమానాన్ని కడిగేటప్పుడు పక్క రంధ్రాలకు అంటించిన టేపు తీయటం మరచిపోయినందుకు 70 మంది చనిపోయారు.

ఒకటి చెడినా పని జరగాలని పెద్ద విమానాల్లో మూడు గొట్టాలు అమరుస్తారు. కంప్యూటర్ మూడింటినీ పోల్చి, రెండు ఒక మాట చెప్పి మూడోది వేరే చెబితే ఆ మూడోదానిని పక్కన పెడుతుంది. ఒకే కారణంతో ఒకటికి మించి గొట్టాలు ఒకేసారి చెడితే ఈ ఓటింగు పద్ధతి పనికిరాదు. 2009 జూన్ 1న రియో డి జెనీరో నుంచి పారిస్ వెళుతున్న ఎయిర్ ఫ్రాన్స్ ఎయిర్‌బస్ ఎ330 విషయంలో జరిగింది అదే. అట్లాంటిక్ మీద, భూమధ్యరేఖ ప్రాంతపు తుఫాను మేఘాల్లో మంచు స్ఫటికాలు గొట్టాలను మూసివేశాయి. వేగం లెక్క పొసగక ఆటోపైలట్ విమానాన్ని పైలట్ల చేతికి వదిలేసింది. గొట్టాలు ఒక నిమిషం లోపే తిరిగి తెరుచుకున్నాయి. కానీ అప్పటికే ముక్కును అతిగా పైకెత్తటంతో రెక్కల మీద గాలి ప్రవాహం విరిగి, విమానం స్టాల్ అనే స్థితికి, అంటే రెక్కలు మోసే శక్తిని కోల్పోయిన స్థితికి చేరింది. స్టాల్ హెచ్చరిక డెబ్బయి అయిదు సార్లు మోగినా ముగ్గురు పైలట్లలో ఎవరూ దానిని గుర్తించినట్టు రికార్డులో మాట లేదు. ఆటోపైలట్ విడిపోయిన క్షణం నుంచి నీటిని తాకేవరకు నాలుగు నిమిషాల 23 సెకన్లు గడిచాయి. 228 మంది మరణించారు. ఈ రంగంలో నాలుగు నిమిషాలు చాలా పెద్ద వ్యవధి. ఇందులో మరో దారుణమైన మెలిక కూడా ఉంది. కొలిచిన వేగం 60 నాట్ల కంటే తగ్గితే ఆ కొలతను కంప్యూటర్ నమ్మదగనిదిగా భావించి స్టాల్ హెచ్చరికనే ఆపివేస్తుంది. అందువల్ల పైలట్ సరైన పని చేసి ముక్కు దించినప్పుడు వేగం పెరిగి హెచ్చరిక మళ్లీ మోగేది, తప్పు చేసి ఎత్తినప్పుడు నిశ్శబ్దమయ్యేది.

ఒకే పరికరం మాటను కంప్యూటర్ గుడ్డిగా నమ్మితే ఏమవుతుందో 2018 అక్టోబరు 29న ఇండోనేషియాలో, 2019 మార్చి 10న ఇథియోపియాలో రుజువైంది. బోయింగ్ 737 మ్యాక్స్ విమానానికి గాలి తాకే కోణాన్ని కొలిచే రెక్క వంటి సాధనాలు రెండు ఉన్నా, ముక్కును కిందికి నెట్టే కొత్త ఏర్పాటు వాటిలో ఒక్కదానినే అడిగేది. అది తప్పు చెప్పిన రెండు సందర్భాల్లో మొత్తం 346 మంది విమానాల్లోనే ప్రాణాలు కోల్పోయారు. రక్షణ కోసం పెట్టిన ఏర్పాటులో ఇంత పొదుపు చేయటం ఇంజనీరింగ్ పొరపాటు కంటే పెద్ద తప్పనే చెప్పాలి.

నేలను ఢీకొట్టే ప్రమాదం విషయంలో కథ ఇంతకంటే ఆశాజనకంగా ఉంటుంది. విమానంలో లోపమేదీ లేకుండా, పైలట్ అదుపులోనే ఉండి, చీకటిలోనో మబ్బులోనో కొండను గుద్దే ప్రమాదాలు ఒకప్పుడు అత్యధిక ప్రాణనష్టం కలిగించేవి. కెనడాకు చెందిన డాన్ బేట్‌మన్ అనే ఇంజనీరు 1960ల చివరలో, విమానం కింద నేలకు ఉన్న దూరాన్ని రేడియో తరంగాలతో కొలిచే పరికరానికి ఒక చిన్న లెక్కల పెట్టెను జోడించి, ఆ దూరం ప్రమాదకరంగా తరిగిపోతుంటే ‘పుల్ అప్’, అంటే పైకి లాగమని అరిచే యంత్రాన్ని తయారుచేశాడు. అమెరికా ప్రభుత్వం 1974 డిసెంబరులో వర్జీనియా కొండల్లో 92 మంది చనిపోయిన ప్రమాదం తర్వాత దీనిని తప్పనిసరి చేసింది. దీని లోపం ఒక్కటే: అది నిటారుగా కిందికే చూస్తుంది, ఎదురుగా ఉన్న కొండ దానికి తెలియదు. 1995 డిసెంబరు 20న కొలంబియాలోని కాలి నగరానికి దిగుతున్న బోయింగ్ 757కు అది కొండను తాకటానికి పన్నెండు సెకన్ల ముందు మాత్రమే హెచ్చరించింది; పైలట్లు వెంటనే పైకి లాగినా, వేగం తగ్గించేందుకు రెక్కల మీద తెరిచిన పలకలు అలాగే ఉండిపోయాయి. 159 మంది మరణించారు.

బేట్‌మన్ బృందం అప్పటికే పరిష్కారం కోసం పనిచేస్తోంది. ప్రపంచంలోని కొండలు, గుట్టల ఎత్తుల పట్టికను కంప్యూటర్‌లో నింపి, విమానం ఉన్న చోటును జిపిఎస్ ద్వారా తెలుసుకుని రెండింటినీ పోలిస్తే ఎదురుగా రాబోయే కొండ దాదాపు నిమిషం ముందే తెలుస్తుంది. ఆ పట్టిక కోసం, సోవియట్ యూనియన్ కూలిపోయాక అమ్మకానికి వచ్చిన ఆ దేశపు సైనిక పటాలను కూడా ఆ బృందం సంపాదించింది. పన్నెండు సెకన్లు అరవై సెకన్లు కావటంతో ఈ తరహా ప్రమాదాలు అరుదయ్యాయి. ఒక మనిషి చేసిన పని ఎంతమందిని బతికించిందో లెక్కగట్టటం సాధ్యం కాదు; 2023లో మరణించిన బేట్‌మన్ పేరు మాత్రం ఆయన యంత్రం కాపాడిన ప్రయాణికుల్లో నూటికి ఒక్కరికైనా తెలియదు.

కానీ ఈ యంత్రమూ చెప్పగలదే గానీ చేయించలేదు. 2010 మే 22న దుబాయ్ నుంచి మంగళూరు వస్తున్న బోయింగ్ 737 చాలా ఎత్తు నుంచి, చాలా వేగంగా దిగుతుంటే యంత్రం దిగే వేగం ఎక్కువైందని, పైకి లాగమని మళ్లీ మళ్లీ హెచ్చరించింది. సహ పైలట్ కూడా గో అరౌండ్ అన్నాడు. కెప్టెన్ దిగటానికే నిశ్చయించుకున్నాడు. రన్‌వే దాటిపోయి లోయలో పడిన ఆ విమానంలోని 166 మందిలో బతికినవారు ఎనిమిది మంది. మరో కొత్త బెడద ఏమిటంటే, 2023 నుంచి పశ్చిమాసియా యుద్ధ ప్రాంతాల పరిసరాల్లో కొందరు దొంగ జిపిఎస్ సంకేతాలు ప్రసారం చేస్తుండటంతో, సముద్రమట్టానికి ముప్పై వేల అడుగుల ఎత్తున పోతున్న విమానాల్లో కూడా ‘పుల్ అప్’ కేకలు వినిపిస్తున్నాయి. అబద్ధపు హెచ్చరికలకు అలవాటుపడిన చెవి నిజమైనదానిని కూడా తేలికగా తీసుకునే ప్రమాదం ఉంది.

ఆకాశంలో రెండు విమానాలు ఢీకొనకుండా చూసే పరికరం గురించి ఇక్కడ కొద్దిగా చెప్పుకుంటే చాలు. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ పైన సౌదీ, కజకిస్తాన్ విమానాలు ఢీకొని 349 మంది మరణించాక భారతదేశం ఈ పరికరాన్ని తప్పనిసరి చేసింది. ఇది పక్క విమానాలను రేడియో ద్వారా పలకరించి, దూరం కంటే కాలాన్ని లెక్కిస్తుంది: ఢీకొనటానికి దాదాపు అర నిమిషం ముందు ఒక విమానానికి ఎక్కమని, రెండోదానికి దిగమని చెబుతుంది. 2002 జూలై 1న జర్మనీలోని ఉబర్లింగెన్ పైన ఒక పైలట్ ఈ పరికరం మాట, మరో పైలట్ నేల మీది నియంత్రకుడి మాట వినటంతో 71 మంది చనిపోయారు. అప్పటినుంచి, రెండింటికీ పొంతన లేకపోతే పరికరం మాటే వినాలన్నది అంతర్జాతీయ నియమం.

ఇన్ని కళ్లు ఉన్నా ఇంకా పట్టుబడనిది మేఘం లేని చోట వచ్చే కుదుపు. ఎత్తయిన పొరల్లో వేగంగా పారే గాలి అంచుల్లో, పర్వతాల ఆవల ఏర్పడే ఈ కల్లోలంలో వాన చుక్కలుండవు కనుక రాడార్‌కు తిప్పికొట్టేదేమీ దొరకదు. దీనికి ప్రస్తుతం దొరికిన ఉపాయం ముందు వెళ్లిన విమానం అనుభవాన్ని వెనుక వచ్చేవాటికి చెప్పటం. ప్రతి విమానం తాను చవిచూసిన కుదుపు తీవ్రతను తనంతట తానే కొలిచి నేలకు పంపితే, ఆ సమాచారం అదే దారిలో వచ్చే విమానాల పటాల మీదికి చేరుతుంది. ముందు ఏ విమానమూ వెళ్లని దారిలో, లేదా అప్పుడే పుట్టిన కుదుపు విషయంలో ఈ ఉపాయం పనిచేయదు. 2024 మే 21న లండన్ నుంచి సింగపూర్ వెళుతున్న బోయింగ్ 777 మయన్మార్ మీద, ఎదుగుతున్న మేఘాల ప్రాంతంలో బలమైన కుదుపుకు గురైనప్పుడు లోపలివారి మీద పనిచేసే బలం 0.6 సెకన్లలో తలకిందులై, సీటు బెల్టు లేనివారు పైకప్పుకు కొట్టుకున్నారు, మొత్తం 4.6 సెకన్లలో విమానం 178 అడుగులు జారింది. ఒకరు మరణించారు, పదుల మంది వెన్నెముక, తల గాయాలతో బ్యాంకాక్ ఆసుపత్రుల పాలయ్యారు. బెల్టు దీపం వెలిగించిన కొద్ది సెకన్లకే ఇదంతా జరిగింది. ఈ రకం కుదుపు విషయంలో పైలట్‌కే ముందస్తు సెకన్లు దక్కటం లేదు కనుక, దీపం ఆరిన తర్వాత కూడా కూర్చున్నంతసేపు బెల్టు పెట్టుకునే ఉండమని విమాన సిబ్బంది చేసే ప్రకటనను ప్రయాణికులు మొక్కుబడి మాటగా కొట్టిపారేయకుండా పాటించాలి.